పునరావాస కేంద్రంలో నిద్రమాత్రలు పంచవద్దు

ప్రశ్న: 2024 సెప్టెంబరు 1 నాటి బుడమేరు వరదలో ఇళ్లు మునిగిన కుటుంబాలకు విజయవాడలోని ఒక పునరావాస కేంద్రంలో సాయం చేస్తున్నాను. షుగర్ ఉన్న అరవై ఏళ్ల ఒకావిడకు నిద్ర లేదు. చినుకు పడితే ఉలిక్కిపడి లేస్తున్నారు. మూడు రోజులుగా రాత్రిపూట అల్ప్రాజొలాం అనే నిద్రమాత్ర ఇస్తున్నాం. అందరినీ కూర్చోబెట్టి జరిగింది చెప్పిస్తే మనసు తేలికపడుతుందా?

సమాధానం: మీరు కౌన్సెలింగ్ గురించి అడిగారు కానీ, నన్ను ఎక్కువ కలవరపెట్టింది ఆ మాత్ర. అల్ప్రాజొలాం డాక్టర్ చీటీ లేకుండా ఇవ్వకూడని షెడ్యూల్ హెచ్1 మందు. మీ ఉద్దేశం మంచిదే అయినా చేసిన పని సరైనది కాదు. ఈ వయసులో దానివల్ల తూలుడు, అయోమయం కలుగుతాయి. అర్ధరాత్రి బాత్రూమ్‌కు వెళ్తూ తడి గచ్చు మీద జారితే తుంటి ఎముకే విరగవచ్చు. పైగా షుగర్ పడిపోయి చెమటలు, వణుకు వచ్చినా, మత్తులో ఉన్న మనిషి ఎవరినీ పిలవలేరు. ఇకపై మీ అంతట మీరు ఇవ్వకండి. అయితే ఆమెకు ఈ మాత్ర ముందునుంచీ అలవాటుంటే ఒక్కసారిగా మాన్పించడమూ ప్రమాదమే కనుక, ఆ సంగతి కనుక్కుని ఈరోజే వైద్య శిబిరంలో చూపించండి. ఆమె షుగర్ మందులు వరదలో పోయాయేమో మీరు రాయలేదు. ఇన్సులిన్ ఆగినా, తిండి తినకుండా షుగర్ మాత్రలు వేసుకున్నా నిద్ర చెడుతుంది. గ్లూకోమీటర్‌తో పరీక్షించకుండా దీన్ని కేవలం భయమని తేల్చేయలేం.

ఇక అందరి ముందూ జరిగింది చెప్పించడం వద్దు. బలవంతంగా చెప్పిస్తే కొందరికి బాధ పెరుగుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లో ఇచ్చిన మానసిక ప్రథమ చికిత్స మార్గదర్శిని చెప్పేది గమనించమని, వినమని, అవసరమైన సాయంతో కలపమని. తమంతట తాము మాట్లాడితే ఓపికగా వినండి. హాలులో రాత్రి కొన్ని ట్యూబ్‌లైట్లు ఆర్పించండి, ఆమె ఫోన్ చార్జింగ్ పెట్టించి పిల్లలతో మాట్లాడించండి, నష్టం నమోదుకు సిబ్బంది ఎప్పుడు వస్తారో కనుక్కుని చెప్పండి. చాలామందికి కొన్ని వారాల్లో నిద్ర కుదుటపడుతుంది. నెల దాటినా తగ్గకపోతే మానసిక వైద్యులకు చూపించాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఏ వేళైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు.

చచ్చిపోతానని ఎవరైనా అంటే ఒంటరిగా వదలకండి. రోజూ తాగే అలవాటున్న వ్యక్తి మద్యం దొరక్క వణుకుతూ, పొంతన లేకుండా మాట్లాడుతుంటే అది దిగులు కాదు, ప్రాణాపాయ స్థితి. తెల్లవారేదాకా ఆగకుండా 108ని పిలవండి.