“వాళ్ల అవార్డులు మన పిల్లకి ఎందుకు?” అని అడిగిన ఒక తండ్రికి

ప్రశ్న: మేడమ్, మేము టెక్సస్‌లో, ఫ్రిస్కోలో ఉంటాం. మా అమ్మాయి కంప్యూటర్ సైన్స్ రెండో ఏడాది చదువుతోంది. మార్కులు బాగానే వస్తున్నాయి. కానీ ఈ మధ్య టీవీకి స్క్రిప్టులు రాస్తానంటోంది. నల్లజాతివాళ్లకి ఇచ్చే బ్లాక్ రీల్ అవార్డుల్లో టీవీ సినిమాలు, ఒక్క సీజన్‌తో ముగిసే లిమిటెడ్ సిరీస్‌ల రచనకి ఏ ఏడాది ఎవరెవరు నామినేట్ అయ్యారో పెద్ద స్ప్రెడ్‌షీట్ చేసి పెట్టుకుంది. వాళ్ల అవార్డులు మన పిల్లకి ఎందుకు? వాటికి తను అర్హురాలు కూడా కాదు కదా. డిగ్రీ అవగానే లాస్ ఏంజెలస్‌లో స్క్రీన్‌రైటింగ్‌లో ఎంఎఫ్ఏ, అంటే కళల్లో పీజీ డిగ్రీ, చేస్తుందట. ఎంఎఫ్ఏ మంచిదో ఎంఎస్ మంచిదో పోల్చి చెప్పండి. ఇంకో మాట. తను రాసిన నలభై పేజీలు చూశాను. అందులో తెనాలిలో ఉన్న మా అమ్మ కథ ఉంది. మా ఇంటి విషయాలున్నాయి.

జవాబు: అయ్యా, మీ ఉత్తరంలో అసలు విషయం చివరి రెండు వాక్యాల్లో ఉంది. ఇన్నేళ్లుగా న్యూజెర్సీలో కూర్చుని మన తల్లిదండ్రుల ఉత్తరాలు చదువుతున్నాను. పైన కోర్సుల పేర్లుంటాయి, భయం అడుగున ఉంటుంది. ఆ భయం దగ్గరికి తప్పకుండా వస్తాను. ముందు “వాళ్ల అవార్డులు” అన్న మాట సంగతి చూడాలి.

1977 జనవరిలో ఏబీసీ చానెల్లో ‘రూట్స్’ వరసగా ఎనిమిది రాత్రులు వచ్చింది. బానిసలుగా తెచ్చిన ఒక ఆఫ్రికన్ కుటుంబం కథ. అమెరికా మొత్తం టీవీల ముందు కూర్చుంది. మూల పుస్తకం నల్లజాతి రచయిత అలెక్స్ హేలీది. ఆ ఏడాది సిరీస్ రెండో భాగానికి రచనలో ఎమ్మీ, అంటే అమెరికా టీవీలో అన్నిటికంటే పెద్ద అవార్డు, వచ్చింది. అందుకున్న ఎర్నెస్ట్ కినోయ్, విలియం బ్లిన్ ఇద్దరూ తెల్లవాళ్లే. వాళ్ల ప్రతిభని నేను తక్కువ చేయడం లేదు. కానీ కథ ఒకరిది, కలం ఇంకొకరిది. లిమిటెడ్ సిరీస్ రచనకి ఎమ్మీ గెలిచిన మొదటి నల్లజాతి మహిళ బ్రిటిష్ రచయిత్రి, నటి మైకేలా కోల్, 2021లో, ‘ఐ మే డిస్ట్రాయ్ యూ’కి. మధ్యలో నలభై నాలుగేళ్లు. ఆ నలభై నాలుగేళ్లలో రాయగలిగినవాళ్లు లేకపోయారని మీరు నమ్ముతారా?

ఈ లోటు కోసమే ఆ అవార్డులు పుట్టాయి. ఎన్ఏఏసీపీ నల్లజాతివాళ్ల హక్కుల కోసం 1909లో పుట్టిన సంస్థ, దాని ఇమేజ్ అవార్డులు 1967లో మొదలయ్యాయి. బ్లాక్ రీల్ అవార్డులు 2000లో వాషింగ్టన్‌లో మొదలయ్యాయి, 2017 నుంచి టీవీకి విడిగా ఇస్తున్నారు. బయటివాళ్లకి అదొక ట్రోఫీలాగే కనిపిస్తుంది. లోపల జరిగేది వేరు. ప్రతి ఏడాదీ కొన్ని పేర్లు ఒక జాబితాకి ఎక్కుతాయి. “మాకు అలాంటి రచయితలు దొరకరండీ” అని నిర్మాతలు తప్పించుకునేవారు కదా, ఆ సాకు ఆ జాబితాతో చెల్లదు. మీ అమ్మాయి ఆ పేర్లని ఏడాదివారీగా పేర్చుకుందంటే, ఎవరూ ఇవ్వకుండానే తన సిలబస్ తాను తయారు చేసుకుంది. పందొమ్మిదేళ్ల పిల్ల చేసిన ఆ పని నాకు చాలా నచ్చింది.

అర్హత గురించి మీరన్నది నిజమే, బ్లాక్ రీల్ ఆఫ్రికన్ మూలాలున్నవాళ్ల కోసం. ఇమేజ్ అవార్డుల పరిధి కొంచెం పెద్దది, తెల్లజాతేతరులందరి పనినీ చూస్తారు. అయితే మీ అమ్మాయి ఆ జాబితాని దరఖాస్తు పెట్టడానికి చదవడం లేదు, నేర్చుకోవడానికి చదువుతోంది. త్యాగరాజ కీర్తనలు నేర్చుకునే పిల్లని నీకు తిరువయ్యారులో ఏం పని అని అడుగుతామా?

ఇంకొంచెం కటువుగా చెబుతాను, ఏమీ అనుకోకండి. 1965లో ఈ దేశం వలస చట్టం మార్చింది. అంతకు ముందు ఆసియా దేశాలకి నామమాత్రపు కోటాలు. ఆ చట్టం వచ్చింది పౌరహక్కుల ఉద్యమం నడిచిన దారిలోనే. మీరూ నేనూ ఇక్కడ సూట్‌కేసులతో దిగామంటే, నల్లజాతివాళ్లు తిన్న లాఠీ దెబ్బలకి అందులో వాటా ఉంది. రేపు మీ అమ్మాయి పని చేయబోయే రైటర్స్ రూముల్లో, అంటే రచయితలంతా కలిసి కూర్చుని సిరీస్ రాసే గదుల్లో కూడా అంతే. తమిళనాడు నుంచి వచ్చిన తల్లిదండ్రుల బిడ్డ అజీజ్ అన్సారీ ‘మాస్టర్ ఆఫ్ నన్’ అనే తన సిరీస్ నడిపినప్పుడు, అందులో నటించిన నల్లజాతి రచయిత్రి లీనా వెయిత్ సొంత జీవితంలోంచి తీసిన ఒక ఎపిసోడ్‌ని ఇద్దరూ కలిసి రాశారు. 2017లో కామెడీ రచనకి ఎమ్మీ ఇద్దరూ కలిసి అందుకున్నారు. ఆ బల్ల దగ్గర “వాళ్లు”, “మనం” అనే లెక్క నడవదు. ఆ లెక్క నేర్పి పిల్లని బయటికి పంపకండి.

ఇప్పుడు ఎంఎఫ్ఏ. దీని మీద నాకు గట్టి అనుమానాలున్నాయి. ఈ మధ్య ఇంట్లో ఎవరికైనా రాయడం ఇష్టమంటే చాలు, ఫిల్మ్ స్కూల్ అంటున్నారు. పేరున్న స్కూల్లో ఫీజూ ఉండే ఖర్చూ కలిపితే లక్ష డాలర్లు దాటుతుంది. రచయితని పనిలోకి తీసుకునేవాళ్లు డిగ్రీ అడగరు, స్క్రిప్ట్ అడుగుతారు. మీ అమ్మాయి స్ప్రెడ్‌షీట్‌లో ఉన్నవాళ్లనే చూడండి. కార్డ్ జెఫర్సన్ ముప్పై దాటేవరకూ జర్నలిస్టు. ‘వాచ్‌మెన్’ సిరీస్‌లో ఒక ఎపిసోడ్‌కి డేమన్ లిండెలాఫ్‌తో కలిసి 2020లో ఎమ్మీ, తర్వాత 2024లో ఆస్కార్ అందుకున్నాడు. దర్శకురాలు ఏవా డ్యువెర్నే ఏళ్ల తరబడి సొంత పబ్లిసిటీ సంస్థ నడిపి అప్పుడు సినిమాల్లోకి వచ్చింది. మైకేలా కోల్ లండన్‌లో నేర్చుకున్నది నటన. ఎంఎఫ్ఏ చేసి పైకొచ్చినవాళ్లు లేకపోలేదు. 2015లో హెచ్‌బీఓకి ‘బెస్సీ’ తీసిన డీ రీస్ న్యూయార్క్‌లో సినిమా చదివింది. కానీ ఆమె ముందు ఎంబీఏ చేసి, మార్కెటింగ్ ఉద్యోగాలు చేసి, అప్పుడు వెళ్లింది.

లిమిటెడ్ సిరీస్ మోజు గురించి కూడా పిల్లకి తెలియాలి. చూసేవాళ్లకి అది అందమైన రూపం, నాలుగు భాగాల్లోనో పన్నెండు భాగాల్లోనో కథ పూర్తవుతుంది. రాసేవాళ్లకి మాత్రం కథతో పాటే ఉద్యోగమూ పూర్తవుతుంది, రెండో సీజన్ ఉండదు. కొన్ని వారాలు రైటర్స్ రూమ్ నడుస్తుంది, మూసేస్తారు, మళ్లీ పని వెతుక్కోవాలి. 2023లో అమెరికా రచయితలు 148 రోజులు సమ్మె చేసింది ఇలాంటి బాధలకే: చిన్నవైపోతున్న రైటర్స్ రూములు, స్ట్రీమింగ్ నుంచి చేతికొచ్చే కొద్దిపాటి డబ్బు, ఏఐ. నా దగ్గరికి వచ్చిన ఒక కుర్రాడు అప్పు చేసి ఎంఎఫ్ఏ పూర్తి చేశాడు. ఆ వాయిదాలు కట్టడానికి దొరికిన ఉద్యోగమల్లా చేస్తూ చివరికి రాయడమే మానేశాడు. వాడి గురించి తలుచుకుంటే ఇప్పటికీ నాకు మనసు కలుక్కుమంటుంది.

అందుకని నా సలహా ఇది. కంప్యూటర్ సైన్స్ డిగ్రీ పూర్తి చేయనివ్వండి. ఉద్యోగం చేసుకుంటూ రోజూ రాయమనండి. యూసీఎల్ఏ ఎక్స్‌టెన్షన్‌లో స్క్రీన్‌రైటింగ్ క్లాసులు ఇంటి నుంచే చేయొచ్చు. ఆసియా మూలాలున్న కొత్త రచయితల కోసం కేప్ అనే సంస్థ ఫెలోషిప్ నడుపుతోంది. ఆ సంస్థ 1991 నుంచి ఉంది. రెండు స్క్రిప్టులు చేతిలో పదునుగా తయారయ్యాక దానికి దరఖాస్తు పెట్టమనండి. ఎంఎఫ్ఏ ఎక్కడికీ పోదు, ముప్పై ఏళ్లకైనా చేయొచ్చు, స్కాలర్‌షిప్ వస్తేనే చేయాలి. ఎంఎస్ సంగతి నేను చెప్పాలా? దాని లాభనష్టాలు మన ఇళ్లల్లో భోజనాల దగ్గర రోజూ వినపడేవే. తనకి ఆ చదువు మీద ఇష్టముంటే చేయమనండి, మిమ్మల్ని ఊరడించడానికైతే వద్దు.

ఇక మీ చివరి రెండు వాక్యాలు. నలభై పేజీలు చూశానన్నారు. తను చూపించిందా, మీరే తెరిచి చూశారా? మీరే తెరిచి ఉంటే ఈ రాత్రే ఆ సంగతి తనకి చెప్పండి. రచయిత ఇష్టం లేకుండా చిత్తుప్రతి చదవడం మంచి పని కాదు, ఆ రచయిత మన కూతురైనా సరే.

మీ భయం నాకు అర్థమైంది. ఇంటి గుట్టు బయట పడుతుందని. నలుగురూ ఏమంటారోనని. దానికి కూడా ఆ జాబితాలోనే జవాబుంది. మైకేలా కోల్ తన మీద జరిగిన అత్యాచారాన్నే కథగా మలిచింది. ఉన్నదున్నట్టు కక్కేయలేదు. ఇంకో పేరున్న ఇంకో మనిషిని సృష్టించి, 191 చిత్తుప్రతులు రాసింది. కథ మీద హక్కు తనకి మిగలదని తెలిసి నెట్‌ఫ్లిక్స్ ఇస్తానన్న పది లక్షల డాలర్లు వద్దంది. ఏవా డ్యువెర్నే 1989లో న్యూయార్క్‌లో పట్టుబడి, చేయని నేరానికి జైలుకెళ్లిన ఐదుగురు కుర్రాళ్ల కథ తీసింది. 2015లో వాళ్లలో ఒకరు ట్విట్టర్లో ఆమెని పలకరించారు. ఆమె ఆ ఐదుగురితో కూర్చుని, వాళ్ల నోటి నుంచి విని, అప్పుడు రాసింది. అంత జాగ్రత్త తీసుకున్నా, అందులో చూపించిన ఒక మాజీ ప్రాసిక్యూటర్ పరువునష్టం దావా వేశారు, 2024లో గానీ అది రాజీ కాలేదు. బతికున్న మనుషుల కథ రాయడం ఎంత బాధ్యతో మీ అమ్మాయికి మీకంటే ఆ జాబితా బాగా నేర్పుతుంది. తను తప్పుదారి పట్టలేదు. ఇంత ఇష్టంగా ఒక పని మీద కూర్చునే పిల్లలు నా దగ్గరికి ఏడాదికి ఇద్దరో ముగ్గురో వస్తారు, వాళ్ల గురించి నాకు బెంగ ఉండదు.

ఒక్క విషయం మాత్రం గుర్తుంచుకోండి. ఆ కథ మీది కాదు, మీ అమ్మాయిదీ కాదు, తెనాలిలో ఉన్న మీ అమ్మగారిది. ఆవిణ్ని ఇంతవరకూ ఎవరూ అడగలేదని మీ ఉత్తరం చదువుతుంటేనే తెలుస్తోంది. ఈ డిసెంబరు సెలవులకి టికెట్లు తీసుకోండి. పిల్లని పది రోజులు నాన్నమ్మ దగ్గర ఉంచండి. ఆ నలభై పేజీలూ తెలుగులో చదివి వినిపించమనండి. ఏది ఉంచాలో, ఏది తీసేయాలో, ఎవరి పేరు మార్చాలో ఆవిడ చెబుతారు. చదువుతున్నంతసేపూ మీరు ఆ గదిలో ఉండకండి. బజారుకెళ్లి కూరలు పట్టుకురండి.