“ఆయ్” అంటే అలకేనా?

ప్రశ్న: మాది రాజోలు దగ్గర లంక గ్రామం. పెళ్లయి పదకొండేళ్లు. ఆయన కువైట్‌లో డ్రైవర్. డ్యూటీలో ఫోన్ ఎత్తడం కుదరదు కాబట్టి పగలంతా వాట్సాప్ మెసేజీలే. మొన్న కొబ్బరికాయల రేటు పడిపోయింది, ఇప్పుడే దింపు వద్దని పెట్టారు. నేను “ఆయ్” అని పెట్టాను, అంతే. నాలుగు రోజులు ముభావం. వెటకారంగా అన్నానట! ఇన్నేళ్లు కాపురం చేసిన మనిషికే నా మాట అర్థం కాకపోతే ఎలాగండీ?

జవాబు: మీరు “ఆయ్” అని రాశారు, ఆయనకి “ఆ...య్” అని వినిపించింది. మన గోదావరి వాళ్ల ఆయ్‌కి అర్థమంతా పలకడంలోనే ఉందని మీకు నేను చెప్పాలా? సరేనండి అన్నా అదే, చాల్లెండి అన్నా అదే. రాతలోకి వచ్చేసరికి ఆ పలుకు పోతుంది, కానీ పోయిందని రాసినవాళ్లకి తెలీదు, ఎందుకంటే టైప్ చేసేటప్పుడు మన గొంతు మనకి లోపల వినిపిస్తూనే ఉంటుంది.

2005లో జస్టిన్ క్రూగర్, నికొలస్ ఎప్లీ అనే మనస్తత్వ పరిశోధకుల బృందం దీన్నే పరీక్షించి చూసింది. కొన్ని వాక్యాలు వెటకారంగా, కొన్ని మామూలుగా, గొంతుతో ఒకసారి, ఈమెయిల్లో ఒకసారి. ఎలా పంపినా ఎదుటివాళ్లు 78 శాతం సరిగ్గా పట్టుకుంటారని పంపినవాళ్ల ధీమా. గొంతు విన్నవాళ్లు 73 శాతం పట్టుకున్నారు. ఈమెయిల్ చదివినవాళ్లు 56! బొమ్మా బొరుసా వేసుకున్నా 50 వస్తుంది కదండీ.

ఇక కాపురం సంగతి. 2011లో కెన్నెత్ సావిట్‌స్కీ, ఇదే ఎప్లీ, మరికొందరు భార్యాభర్తల్ని ఒకరికొకరు కనపడకుండా కూర్చోబెట్టి, రెండు మూడు అర్థాలొచ్చే మామూలు మాటలు చెప్పించారు. మొగుడూ పెళ్లాలు పరాయివాళ్ల కంటే బాగా అర్థం చేసుకున్నదేమీ లేదు. “మా ఆయనకి తెలిసిపోతుంది” అనే నమ్మకం మాత్రం బాగా ఎక్కువ. పరాయివాళ్లతో అయితే మనం కాస్త వివరంగా చెబుతాం, ఇంట్లోవాళ్ల దగ్గర ఒక్క ముక్కతో సరిపెడతాం. ఇవన్నీ అమెరికాలో జరిగినవే, కొబ్బరి రేట్ల మీద కాదు గానీ, మీ ఉత్తరం చదువుతుంటే అవే గుర్తొచ్చాయి.

ఆయన మనసులో ఏముందో మీరు కూర్చుని ఊహించడం కూడా అంత లాభం లేదు. తాల్ ఎయాల్ బృందం 2018లో ఇరవై ఐదు ప్రయోగాలు ప్రచురించింది; ఎదుటివాళ్ల స్థానంలో ఉండి ఆలోచించమంటే అంచనా మెరుగుపడలేదు, నేరుగా అడిగితే మెరుగుపడింది. అన్నట్టు ఆ నాలుగు రోజులూ “కోపంగా అన్నావా?” అని ఆయనైనా అడగొచ్చు, అడగలేదు. ఈ పేజీ ఫోటో తీసి పంపండి, నా మాటగానే. ఇకమీదట డబ్బు మాటలొచ్చినప్పుడు మటుకు వాయిస్ మెసేజ్ పెట్టండి.

ప్రశ్న: మాటల విలువ 7 శాతమే, మిగతా 93 గొంతూ ముఖమేనని ట్రైనింగ్‌లో చెప్పారు. నిజమేనా? (భీమవరం నుంచి)

జవాబు: అందరికీ అలాగే చెబుతున్నారు లెండి. ఆల్బర్ట్ మెహ్రాబియన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1967 నాటి రెండు పరిశోధనలు కలిపి కట్టిన లెక్క అది, ఇష్టమా అయిష్టమా అన్న భావం గురించి మాత్రమే. మిగతా మాటలకి వర్తించదని ఆయనే చెప్పారు. కాదంటారా, రాత్రి రెండింటికి ఏ చెరువులో నీళ్లకి గాలి పట్టించే ఏరేటర్ ఆగిందో మీ కాపలా మనిషిని మాటల్లేకుండా చెప్పమనండి.