రాతి చక్రాల కారు కడతానన్న అల్లుడికి

చిరంజీవి అల్లుడికి, మావయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన బొమ్మ చూశాను. 1960లో అమెరికా టీవీలో మొదలైన రాతియుగం కార్టూన్ ఫ్లింట్‌స్టోన్స్‌లో కారు. ముందో రాతి రోలరు, వెనకో రాతి రోలరు, మధ్యలో దుంగలు, నెత్తిన గుడ్డ. అడుగుండదు, కాళ్ళతో పరిగెత్తించాలి. వద్దని చెప్పన్నయ్యా అని మీ అమ్మ ఫోన్ చేసింది. నేను చెప్పను. ముప్పై ఏళ్ళు ట్రక్కులకీ ఆటోలకీ బాడీలు కట్టినవాణ్ణి, నాకే చేతులు దురద పెడుతున్నాయి.

ముందుగా రోలర్ల సంగతి తేల్చుకో. బొమ్మలో కారు ఎటంటే అటు తిరిగేస్తుంది, నేల మీద తిరగదు. మలుపులో బయటివైపు ఎక్కువ దూరం నడవాలి, లోపలివైపు తక్కువ. రోలరు ఒకే ముక్కైతే ఈడ్చుకుపోతుంది. ఆటోకి వెనక రెండు చక్రాల్నీ వేర్వేరు వేగాల్లో తిరగనిచ్చే డిఫరెన్షియల్ పెట్టేది అందుకే. అందుకని పాత బ్యాటరీ ఆటో ఛాసిస్ ఒకటి చూడు. వెనక చక్రాలకి చెరో బోలు డ్రమ్ము బిగించి, మధ్య సందులో కనబడే ఇనుముకి నల్లరంగు కొట్టు. దూరం నుంచి ఒకే రోలరులా ఉంటుంది. డ్రమ్ము టైరు కన్నా చుట్టూ రెండంగుళాలు లోపలికుండాలి. నేలకి ఆనేది టైరే. ముందు డ్రమ్ము పొట్టిగా చెయ్యి, లేకపోతే హ్యాండిల్ తిప్పగానే దుంగలకి తగులుతుంది.

రాయి అనగానే సిమెంటు జోలికి పోకు. కనుమనాడు మన కోనసీమలో జగ్గన్నతోట తీర్థానికి గంగలకుర్రు ప్రభ, అదే దేవుణ్ణి ఊరేగించే ఆ ఎత్తైన అలంకరణ చట్రం, కౌశిక కాలవ దాటడం చూశావుగా. అంత ఎత్తుదాన్ని భుజాల మీద మొయ్యగలుగుతున్నారంటే లోపల వెదురు, పైన గుడ్డ. నీ రోలరూ అంతే. వెదురు బద్దల చట్రం, పైన ధర్మాకోల్ చెక్కి రాతి గుంటలు. ఒకసారి నేను పెళ్ళి బండికి ధర్మాకోల్ హంస చేసి, గట్టిపడుతుందని నేరుగా ఫైబరు రెజిన్ పూశాను. కళ్ళముందే మెడ కరిగి జారిపోయింది! పెళ్ళివారి ముందు తలెత్తుకోలేకపోయాను. రెజిన్ ధర్మాకోల్‌కి తగలకుండా ముందు పాత పేపర్లు ఫెవికాల్‌తో రెండు మూడు పొరలు అంటించి బాగా ఆరనివ్వు. మన గాలికి ఇక్కడ ఆరడం ఆలస్యం, వానాకాలంలో మొదలుపెట్టకు.

అడుగు మాత్రం తెరిచి ఉంచొద్దు. పిల్లలు ఎక్కగానే కాళ్ళు కిందకి పెడతారు. ప్లైవుడ్ వేసి మట్టిరంగు కొట్టు. బ్రేకులు ఆటోవే ఉంచు, బ్యాటరీలు సీటు కింద వీలైనంత కిందకి పెట్టు.

రోడ్డెక్కించకు. రిజిస్టరైన బండి ఆకారం ఇష్టమొచ్చినట్టు మారిస్తే 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఒప్పుకోదు. కాలవ గట్టు మీద అసలొద్దు. స్కూలు గ్రౌండు దాకా ట్రాక్టరు ట్రక్కులో తీసుకెళ్ళు.

హైదరాబాదు వెళితే బహదూర్‌పురాలో సుధాకర్ గారి కార్ల మ్యూజియం చూడు. బూటు, బర్గర్ ఆకారాల్లో కార్లు చేశారాయన. పై సోకు చూసి వచ్చెయ్యకు, లోపలున్నవాడికి దారి ఎక్కణ్ణుంచి కనబడుతుందో చూడు.

ముందు వాకిట్లో సుద్దముక్కతో అసలు సైజులో గీసి ఫోటో పంపు. అది చూసేదాకా ఇనుము కొనొద్దు. వెల్డింగ్ మిషను నాది వాడుకో, ఎర్తు వైరొక్కటి మార్చాలి. నేను ఒప్పుకున్నానని మీ అమ్మతో ఇప్పుడే అనకు.

మీ మావయ్య