టీనేజ్ అమ్మాయిలకు గర్భనిరోధకం తప్పనిసరి చేయాలా?

చేయకూడదు. డెన్మార్క్ కింద ఉన్న గ్రీన్‌లాండ్‌లో ఏం జరిగిందో చూడండి. 1960లు, 70లలో డానిష్ డాక్టర్లు అక్కడి మూలవాసులైన ఇన్యూట్ మహిళలు, అమ్మాయిలు వేలమందికి లూప్ (గర్భం రాకుండా గర్భసంచిలో పెట్టే చిన్న సాధనం) వేశారు. కొందరికి అప్పటికి పన్నెండు, పదమూడేళ్లే. చాలామందిని అడగనే లేదు, అమ్మానాన్నలకూ చెప్పలేదు. పెద్దవాళ్ల కోసం చేసిన లూప్ ఆ చిన్న ఒంట్లో పెడితే నొప్పి, రక్తస్రావం, ఇన్‌ఫెక్షన్లు. కొందరికి ఆ తర్వాత పిల్లలే పుట్టలేదు. 2025లో డెన్మార్క్ ప్రధాని మెటె ఫ్రెడరిక్సన్ క్షమాపణ చెప్పారు.

బలవంతం లేకుండానే పని జరుగుతుంది. అమెరికాలోని కొలరాడోలో 2009 నుంచి కావాలన్నవాళ్లకు లూప్, గర్భం రాకుండా చేతి చర్మం కింద పెట్టే ఇంప్లాంట్ ఉచితంగా ఇచ్చారు. ఐదారేళ్లలో టీనేజ్ కాన్పులు దాదాపు సగానికి తగ్గాయి.

పైగా లూప్ సుఖవ్యాధులను ఆపదు, కండోమ్ చాలావరకు ఆపుతుంది. ఆ సంగతి అబ్బాయిలకూ బళ్లోనే చెప్పాలి.