జిమ్‌లో గంట, మంచం మీద రోజంతా: బరువు తగ్గేవాళ్ల నీరసం గురించి

ప్రశ్న: నాకు 36 ఏళ్లు, ఎత్తు 158 సెంటీమీటర్లు, బరువు 78 కిలోలు. నెల రోజులుగా పొద్దున 6 గంటల బ్యాచ్‌లో వారానికి ఆరు రోజులు హెచ్‌ఐఐటీ (కాసేపు గట్టిగా, కాసేపు నెమ్మదిగా మార్చి మార్చి చేసే వ్యాయామం) చేస్తున్నాను. రాత్రి 7 తర్వాత ఏమీ తినను. పొద్దున బ్లాక్ కాఫీ తాగి వెళ్తాను. టిఫిన్ రెండు ఇడ్లీ, మధ్యాహ్నం రెండు పుల్కాలు, కూర, రాత్రికి ఫ్రూట్ బౌల్. మొదటి వారం రెండున్నర కిలోలు తగ్గి ఆగిపోయింది. నిన్న బర్పీలు (కిందికి వంగి, కాళ్లు వెనక్కి చాపి, మళ్లీ లేచి ఎగరడం) అవగానే కళ్లు బైర్లు కమ్మి కూలబడ్డాను. ఆఫీసులో పదకొండుకల్లా నిద్ర ముంచుకొస్తోంది. ట్రైనర్ ప్రీవర్కవుట్ పౌడర్ వాడమంటున్నారు. ఏది మంచిది?

జవాబు:

పౌడర్ సంగతి తర్వాత. ముందు మీరు తింటున్నది కాగితం మీద పెట్టి చూద్దాం. రెండు ఇడ్లీ, గిన్నెడు సాంబారు కలిపి 220 కేలరీలు. రెండు పుల్కాలు, కూర, ఓ గ్లాసు మజ్జిగ కూడా ఉందనుకుంటే 320. బొప్పాయి, పుచ్చకాయ ముక్కల గిన్నె 120. ఎంత లాగినా 700 దాటడం లేదు. అందులో ప్రొటీన్ 20 గ్రాములుంటే ఎక్కువ.

మీ వయసు, ఎత్తు, బరువుకి రోజంతా కదలకుండా పడుకున్నా ఒంటికి సుమారు 1,400 కేలరీలు కావాలి. ఆఫీసు, ఇంటిపని కలిపితే 1,900 నుంచి 2,000. దాని మీద జిమ్. అంటే రోజుకి 1,200 పైచిలుకు లోటు, అదీ వారానికి ఆరు రోజులు. జీతం సగానికి తెగ్గోసుకుని అదే నెలలో కొత్త ఈఎంఐ నెత్తిన పెట్టుకున్నట్టుంది ఇది. స్టామినా లేదని మిమ్మల్ని మీరు తిట్టుకోవాల్సిన పనేం లేదు. ఈ తిండితో ఈ బ్యాచ్ నెల రోజులు లాక్కొచ్చారంటే స్టామినా ఉన్నట్టే లెక్క.

సూత్రం చిన్నదే. తిండి బాగా తగ్గించిన రోజుల్లో వ్యాయామం నెమ్మదిగా సాగాలి. ఊపిరాడకుండా చేసే రోజున తిండి పెరగాలి. రెండూ ఒకే రోజు బిగిస్తే ఒళ్లు మూడో దారి వెతుక్కుంటుంది: మిమ్మల్ని కదలనివ్వదు. లిఫ్ట్ ఎక్కుతారు, నీళ్ల బాటిల్ కోసం పిల్లల్ని పిలుస్తారు, ఆదివారం సోఫా దిగరు. రోజుకి ఏడెనిమిది వేల అడుగులు నడిచే మనిషి మూడు వేలకి పడిపోతే మీ బరువుకి 150 నుంచి 200 కేలరీల ఖర్చు అక్కడే ఆగిపోతుంది. ముప్పావు గంట హెచ్‌ఐఐటీలో, మధ్యలో రెస్టులు తీసేస్తే, మీకు నికరంగా ఖర్చయ్యేది 300, 350. అందులో సగానికి సగం సోఫా మింగేసింది. తూకం ముల్లు కదలకపోవడానికి ఇదొక కారణం.

వాచీ 550 చూపిస్తోందంటారేమో. చేతికి కట్టుకునే వాచీలు గుండె వేగం బాగానే పట్టుకుంటాయి, కేలరీల దగ్గర మాత్రం నోటికొచ్చినట్టు చెప్తాయి. 2017లో స్టాన్‌ఫర్డ్ వాళ్లు ఏడు రకాల వాచీలు పరీక్షిస్తే, వాటిలో మెరుగైనది కూడా కేలరీల లెక్కలో సగటున 27 శాతం తప్పింది. ఆ అంకె చూసుకుని తిండి తగ్గించుకోవద్దు, పెంచుకోవద్దు.

మొదటి వారం పోయిన రెండున్నర కిలోల సంగతి కూడా తేల్చేద్దాం. కండరాల్లో, కాలేయంలో కలిపి ఓ 400, 500 గ్రాముల గ్లైకోజెన్ (ఒళ్లు దాచుకునే పిండిపదార్థం) నిల్వ ఉంటుంది. ప్రతి గ్రాముతో పాటు దాదాపు మూడు గ్రాముల నీరు ఉంటుంది. అన్నం మానేసి గట్టిగా ఎగిరితే నిల్వ తరిగిపోయి నీళ్లూ దాంతోపాటే పోతాయి. కిలో కొవ్వు కరగాలంటే దాదాపు 7,700 కేలరీల లోటు కావాలి. వారంలో రెండున్నర కిలోల కొవ్వు పోవడం కుదిరే పని కాదు. "మొదటి వారంలోనే ఫలితం" అని జిమ్ముల బయట ఫ్లెక్సీలు కట్టేది ఈ నీళ్లను చూసుకునే. రెండో వారం ముల్లు ఆగితే తప్పు మళ్లీ మీదే అంటారు.

ఇప్పుడు నిన్నటి బర్పీల దగ్గరికి వద్దాం. మీరు కూలబడ్డప్పుడు "షుగర్ డౌన్ అయింది" అని ఎవరో చాక్లెట్ నోట్లో పెట్టే ఉంటారు. డయాబెటిస్ మందులు వాడనివాళ్లకి ముప్పావు గంట వ్యాయామంతో షుగర్ ప్రమాదకరంగా పడిపోవడం అరుదు. జరిగింది చాలావరకు ఇదీ: బర్పీలు చేస్తున్నంతసేపూ తొడలు, పిక్కలు బిగుస్తూ సడలుతూ కిందికి దిగిన రక్తాన్ని పైకి తోస్తుంటాయి. వేడికి, శ్రమకి కాళ్లలో రక్తనాళాలు బాగా వెడల్పయి ఉంటాయి. విజిల్ ఊదగానే మీరు కొయ్యలా నిలబడిపోయారు. కాళ్లు తోయడం ఆపేశాయి, నాళాలు మాత్రం వెడల్పుగానే ఉన్నాయి. రక్తం కిందే నిలిచిపోయింది, బీపీ జారింది, మెదడుకి కొన్ని క్షణాలు సరఫరా తగ్గింది. ముందు చెవుల్లో గుయ్‌మంది, తర్వాత చూపు అంచుల నుంచి బూడిదరంగు కమ్మింది, చెమట చల్లబడింది. కూర్చున్నాక రెండు మూడు నిమిషాల్లో తేరుకుని ఉంటారు. చాక్లెట్ అరిగి రక్తంలో కలవడానికి అంతకంటే ఎక్కువసేపే పడుతుంది. ఆ క్రెడిట్ చాక్లెట్‌ది కాదు, నేలది.

దానికి తోడు రాత్రి నుంచి ఒంట్లోకి వెళ్లిన ద్రవం ఓ కప్పు కాఫీ. హాల్లో తలుపులు మూసి పాటలు పెడతారు, గంటకి లీటరు చెమట పట్టడం మామూలే. లీటరు చెమటలో సుమారు గ్రాము సోడియం పోతుంది, అంటే అర టీస్పూను ఉప్పు. బరువు తగ్గాలని ఇంట్లో ఉప్పు కూడా తగ్గించేసి ఉంటే బీపీ జారడానికి ఇంకేం కావాలి!

మళ్లీ అలా అయితే బలవంతంగా నిలబడొద్దు. వెల్లకిలా పడుకుని కాళ్లు బెంచీ మీద పెట్టండి. కానీ అంతవరకూ రానివ్వకపోవడమే మేలు: చివరి రౌండ్ అయ్యాక ఎనిమిది, పది నిమిషాలు నడక ఆపొద్దు. క్లాసు టైము అయిపోయిందని ట్రైనర్లు కోసేసేది మొట్టమొదట ఈ కూల్‌డౌన్‌నే. వాళ్లు లైట్లు ఆర్పేసినా సరే, మీరు వరండాలో నడవండి.

ఇక మార్చుకోవాల్సినవి. జిమ్‌కి అరగంట ముందు ఒక అరటిపండు, లేదంటే మూడు ఖర్జూరాలు. 300 మిల్లీలీటర్ల నీళ్లలో చిటికెడు ఉప్పు. కాఫీ కావాలంటే దీనితోపాటు తాగండి, దీనికి బదులుగా వద్దు. మధ్యలో పావుగంటకోసారి నాలుగు గుక్కలు. ఉక్కపోత రోజుల్లో అయ్యాక నిమ్మరసం, ఉప్పు కలిపిన మజ్జిగ చాలు. కొబ్బరినీళ్లు మంచివే, కాకపోతే అందులో పొటాషియం ఎక్కువ, సోడియం తక్కువ; చెమటలో పోయిన ఉప్పుకి అది సరిపోదు. బీపీ, కిడ్నీ సమస్య ఉన్నవాళ్లు ఉప్పు సలహా డాక్టర్ని అడక్కుండా పాటించొద్దు.

టిఫిన్ జిమ్ నుంచి వచ్చిన గంటలోపు పడాలి, అందులో 25, 30 గ్రాముల ప్రొటీన్ ఉండాలి. ఇడ్లీతో అంత రాదు, ఒక్కో ఇడ్లీకి రెండు గ్రాములే. రెండు పెసరట్లు (కలిపి 75 గ్రాముల పెసలు పడేలా), రెండు ఉడికించిన గుడ్లు తింటే 30 వస్తుంది. గుడ్డు తినకపోతే పెసరట్టు మీద 60 గ్రాముల పనీరు తురిమేయండి. మధ్యాహ్నం కప్పు అన్నం తినండి, భయం లేదు. 150 గ్రాముల అన్నం 200 కేలరీలే. పప్పు చిక్కగా ఉండాలి. మనిషికి 40 గ్రాముల కందిపప్పు పడితేనే 9 గ్రాముల ప్రొటీన్. పెళ్లిళ్లలో పోసే పప్పుచారు లెక్కలోకి రాదు. ఓ కూర, గిన్నెడు పెరుగు. సాయంత్రం గుప్పెడు ఉడికించిన శనగలు. రాత్రి రెండు జొన్న రొట్టెలు, 120 గ్రాముల చికెన్ కూర, శాకాహారులైతే 30 గ్రాముల మీల్‌మేకర్. అంతా కలిపి 1,600 నుంచి 1,700 కేలరీలు, ప్రొటీన్ 80 పైన. ఇంత తిన్నా రోజుకి 400, 500 లోటు మిగులుతుంది. వారానికి అరకిలోకి కాస్త తక్కువగా తగ్గడానికి అది చాలు. ఏడు గంటలకే వంటిల్లు మూసేయాలన్న నియమంలో మహత్యమేమీ లేదు, మొత్తం తిన్నది ఎంతన్నదే లెక్క.

వ్యాయామం వారానికి ఆరు రోజుల నుంచి ఇలా మార్చండి: సోమ, గురువారాలు మాత్రమే హెచ్‌ఐఐటీ. మంగళ, శనివారాలు బరువులతో స్క్వాట్, రో, ప్రెస్ లాంటివి 35 నిమిషాలు. మిగతా రోజులు 40 నిమిషాల నడక, పక్కవాళ్లతో మాట్లాడగలిగే వేగంలో. మీ వయసుకి గుండె గరిష్ఠ వేగం సుమారు 183. నడక రోజుల్లో 110 నుంచి 128 మధ్య ఉంటే బాగుంటుంది. హెచ్‌ఐఐటీ రోజున ఎనిమిది నిమిషాల వార్మప్, తర్వాత 30 సెకన్లు గట్టిగా, 90 సెకన్లు నెమ్మదిగా, ఆరు నుంచి ఎనిమిది రౌండ్లు, ఆపైన ఎనిమిది నిమిషాల నడక. అరగంటకి కాస్త అటూ ఇటూ, అంతే. నాలుగో వారంలో రౌండ్లు సగానికి తగ్గించండి.

ఇంత తక్కువా అనకండి. జిమ్ముల్లో "టబాటా" అని 45 నిమిషాలు ఎగిరిస్తున్నారే, 1996లో జపాన్‌లో టబాటా బృందం ప్రచురించిన పద్ధతిలో అసలు భాగం నాలుగు నిమిషాలే: 20 సెకన్లు పూర్తి బలంతో సైకిల్ తొక్కడం, 10 సెకన్లు ఆగడం, ఏడెనిమిది సార్లు. అది కూడా శిక్షణలో ఉన్న కుర్రాళ్ల మీద చేసింది. ముప్పావు గంట సాగదీయగలుగుతున్నారంటే అది టబాటా కాదు, పేరు అరువు తెచ్చుకున్న ఏరోబిక్స్.

మోతాదు ఎక్కువైందో లేదో చెప్పడానికి పొద్దున మంచం దిగకముందు నాడి చాలు. మామూలుగా 72 ఉండేది వరసగా మూడు రోజులు 80 దాటితే ఆ రోజు హెచ్‌ఐఐటీ వదిలేసి నడవండి. రాత్రి ఆరు గంటల కన్నా తక్కువ నిద్రపోయినా అంతే. ఐదింటికి అలారం పెట్టి పన్నెండింటి దాకా ఫోన్ చూసేవాళ్లకి ఏ ప్లానూ పనిచేయదు. నిద్ర తగ్గితే తగ్గిన బరువులో కొవ్వు వాటా తగ్గి కండ వాటా పెరుగుతుంది.

ప్రీవర్కవుట్ పౌడర్‌లో పనిచేసేది ప్రధానంగా కెఫీనే. చాలా రకాల్లో ఒక స్కూపుకి 150 నుంచి 300 మిల్లీగ్రాములు ఉంటుంది. మీ కాఫీలో ఓ 80, 100 ముందే ఉంది. కెఫీన్ నీరసాన్ని తీర్చదు, కాసేపు తెలియనివ్వదు. సగం వదలడానికే ఐదు గంటలు పడుతుంది కాబట్టి పదకొండు గంటల నిద్ర కాస్తా మధ్యాహ్నం మూడుకి జరుగుతుంది. ముఖం, చేతులు చురచురలాడితే "పౌడర్ పట్టింది" అంటారు, అది పౌడర్‌లో కలిపే బీటా అలనైన్ అనే అమైనో ఆమ్లం వల్ల వచ్చే తిమ్మిరి మాత్రమే. డబ్బా అమ్మితే ట్రైనర్‌కి కమీషన్ ఉందేమో ఓసారి అడిగి చూడండి. ఆ డబ్బుతో నెలకి సరిపడా గుడ్లు, పెసలు వస్తాయి.

పైన చెప్పినట్టు తిండి మార్చి రెండు వారాలైనా నీరసం తగ్గకపోతే లోపల వేరే కారణం ఉండొచ్చు. సీబీపీ (రక్తకణాల లెక్క), ఫెరిటిన్ (ఇనుము నిల్వ), టీఎస్‌హెచ్ (థైరాయిడ్), విటమిన్ బీ12, హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్) పరీక్షలు చేయించండి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15–49 ఏళ్ల ఆడవాళ్లలో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ ఇంచుమించు 58 శాతం మందికి ఉంది. హీమోగ్లోబిన్ 12 ఉందని ఊరుకోవద్దు, ఫెరిటిన్ 30 లోపు ఉంటే ఇనుము నిల్వలు తరిగాయనే అర్థం. మెట్లెక్కినా ఆయాసం రావచ్చు. నెలసరి తప్పుతోంటే తిండి మరీ తక్కువైందన్న సూచన కూడా కావచ్చు, డాక్టర్‌కి చెప్పండి.

టెస్టుల దాకా ఆగకూడనివీ ఉన్నాయి: వ్యాయామం మధ్యలో ఛాతీ పట్టేయడం, స్పృహ పూర్తిగా తప్పడం, గుండె లయ తప్పి కొట్టుకోవడం, మర్నాడు మూత్రం కోలా రంగులో రావడం. చివరిది కండరం చితికి కిడ్నీలకి చేటు చేస్తోందనడానికి గుర్తు. కొత్తగా చేరినవాళ్లకి మొదటి క్లాసుల్లోనే వచ్చే అవకాశం ఉంది. నేరుగా ఆసుపత్రికి వెళ్లాలి.

ఐరన్ మాత్ర రాస్తే టీ, కాఫీలకి గంట ఎడంగా, నిమ్మరసంతో వేసుకోండి. థైరాయిడ్ మాత్ర వాడుతుంటే పొద్దున లేవగానే నీళ్లతో వేసుకుని కాఫీకి, అరటిపండుకి అరగంట నుంచి గంట ఆగాలి. ఐరన్, కాల్షియం మాత్రలకైతే నాలుగు గంటల ఎడం ఉండాలి. ఆరింటి బ్యాచ్‌తో ఇది కుదరదు, సాయంత్రం బ్యాచ్‌కి మారిపోండి.