పాతబస్తీ గల్లీలో ఉండేవాళ్ల మాట కాగితం మీదికెక్కాలంటే

ప్రశ్న: చారిత్రక ప్రాంతాలను కాపాడటానికి ప్రజాభిప్రాయ సేకరణ నిజంగా పనికొస్తుందా, లేక అంతా తూతూమంత్రమేనా?

పనికొస్తుంది. కాకపోతే ఎవరి మాట కాగితం మీదికెక్కింది అన్నదాని మీదే అంతా ఆధారపడి ఉంటుంది. నేను పుట్టి పెరిగింది హైదరాబాద్ పాతబస్తీలో, లాల్ దర్వాజా దగ్గర. ఉద్యోగం వల్ల ఇప్పుడు కూకట్‌పల్లిలో ఉంటున్నా, అమ్మానాన్నలు ఇంకా అక్కడే. కాబట్టి కళ్లారా చూసిందే చెబుతాను.

కొన్నేళ్ల కిందట మా పక్క రోడ్డు వెడల్పు కోసం భూసేకరణ మొదలైంది. అభ్యంతరాలు వింటామని ఒక షాదీఖానాలో మీటింగ్ పెట్టారు. అది కూడా పనిరోజున, పగలు పదకొండింటికి, సరిగ్గా దుకాణాల షట్టర్లు ఎత్తే వేళకి. గోడకి పెద్ద మ్యాప్ అంటించారు. అందులో ఇంటి నంబర్లు చీమ తలకాయంత, అక్షరాలన్నీ ఇంగ్లిష్‌లో. రోడ్డుకి రెండు వైపులా ఎర్ర గీతలు.

మా వెనక గల్లీలో అద్దెకుండే ఖాలా (ఉర్దూలో పిన్ని) కూడా వచ్చింది. ఆవిడ లక్క గాజులు చేస్తుంది. లాడ్ బజార్ బీరువాల్లో మెరిసే గాజులు తయారయ్యేది ఇలాంటి ఇళ్లలోనే. కుంపటి మీద లక్క ముద్దని మెత్తబరిచి, సన్నగా సాగదీసి, వేడి తగ్గకముందే గాజుగా వంచాలి. తర్వాత మళ్లీ సెగ చూపిస్తూ రాళ్లు ఒక్కొక్కటే అతకాలి. లక్క గట్టిపడిందంటే రాయి పట్టదు. ఈ పనికి గాలాడే గది కావాలి, సరుకు ఇచ్చే దుకాణం నడిచిపోయేంత దూరంలో ఉండాలి. ఆవిడని తీసుకెళ్లి ఊరవతల ఫ్లాట్‌లో ఐదో అంతస్తులో పెడితే ఆ పని అక్కడితో ఆగిపోతుంది.

ఖాలా మ్యాప్ ముందు నిలబడి, “బేటా, ఈ గీత మా గదికి ఇవతల పోతోందా, అవతలా?” అని నన్నడిగింది. వేలు పెట్టి వెతికాను. గీత సరిగ్గా ఆవిడ కుంపటి పెట్టుకునే ముందుగది మీదుగానే పోతోంది. ఆవిడ వంతు వచ్చింది. అధికారి జాబితాలో పేరు వెతికి, “రిజిస్ట్రీ మీ పేరు మీదుందా అమ్మా? లేదా? అయితే ఓనర్‌ని పంపండి” అన్నాడు. కసురుకోలేదు, మామూలుగానే అన్నాడు. పేరు మాత్రం రాసుకోలేదు. ఓనర్ ఉండేది జెడ్డాలో. పరిహారం ఖాతాలో పడితే ఆయనకి ఈ గల్లీతో పనే లేదు. ముప్పై ఏళ్లకు పైగా ఆ గదిలో బతికిన మనిషి లేచి వెనక్కి వచ్చి కూర్చుంది. నాకు ఒళ్లు మండిపోయింది.

అప్పుడు మా వీధి లాయర్ కుర్రాడు లేచాడు. 2013 భూసేకరణ చట్టం ఫోన్‌లో తెరిచి, బాధిత కుటుంబం అంటే ఎవరో గట్టిగా చదివాడు. పట్టణాల్లో ఆ స్థలంలో మూడేళ్లుగా ఉంటున్న కుటుంబమైనా, మూడేళ్లుగా దాని మీదే జీవనం సాగిస్తున్న కుటుంబమైనా బాధిత కుటుంబమేనని అందులో ఉంది. రిజిస్ట్రీ అక్కర్లేదు. హాలంతా నిశ్శబ్దమైపోయింది. అధికారి “సరే, రాసివ్వండి” అన్నాడు. అక్కడే రాశాం. అర్జీ అందినట్టు ఇన్‌వర్డ్ ముద్ర పడిన కాపీ చేతికొచ్చేదాకా ఖాలాని కదలనివ్వలేదు. చివరికి ఆ ఎర్ర గీత అంగుళం కూడా జరగలేదు. కానీ బాధితుల జాబితాలో ఆవిడ పేరు చేరింది. అదే చప్పట్లు కొట్టి ఇంటికెళ్లి ఉంటే అదీ దక్కేది కాదు.

ఇంకో సంగతి. మీటింగ్ నోటీసులో ఉర్దూ ముక్క ఒక్కటీ లేదు. తెలంగాణ అంతటా ఉర్దూ 2017 నుంచి రెండో అధికార భాష. పాతబస్తీలో ఉర్దూ లేకుండా నోటీసు అంటిస్తే ఎవరు చదవాలి? ఆ రోజు సగం మందికి నేనూ ఇంకో ఇద్దరమూ చెప్పుకుంటూ పోవాల్సి వచ్చింది.

మనవాళ్లకి వారసత్వం అనగానే కట్టడమే గుర్తొస్తుంది. హైదరాబాద్‌లో వారసత్వ కట్టడాల జాబితాకి రక్షణగా 1995లో వచ్చిన రెగ్యులేషన్ 13ని 2015లో ఎత్తేశారు, 2017లో కొత్త వారసత్వ చట్టం వచ్చింది. 2019లో ఇర్రం మంజిల్ ప్యాలెస్ కూల్చివేతని హైకోర్టు అడ్డుకుంది. సంతోషమే. కానీ ప్యాలెస్ కోసం కోర్టు మెట్లెక్కేవాళ్లు దొరికినట్టు గల్లీకి దొరకరు. చార్మినార్ చుట్టూ వంద మీటర్ల దాకా కొత్త నిర్మాణం నిషేధం, ఆపైన రెండొందల మీటర్లు అనుమతితోనే. ఆ నిబంధన గోడల సంగతి చూస్తుంది. పనివాళ్లు ఖాళీ చేసి పోతుంటే దానికేం పట్టదు.

చార్మినార్ దగ్గరి పత్తర్‌గట్టినే చూడండి. 1908 మూసీ వరద తర్వాత, 1912లో ఏర్పడిన సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు కట్టించిన రాతి కమాన్ల వరస అది. కింద దుకాణం, పైన కాపురం. ఆ కాపురాలు పోయాక రాళ్లకి ఎన్ని రంగు లైట్లు పెట్టినా అది సెట్టింగే. ఆదివారం పొద్దున కెమెరాలేసుకుని నడిచి, ఆన్‌లైన్ పిటిషన్ మీద సంతకం పెట్టేవాళ్ల మీద కూడా నాకు కోపం ఉంది. ఆ షాదీఖానాలో వాళ్లలో ఒక్కరూ కనబడలేదు. ఖాలా పక్కన ఒకరు కూర్చున్నా ఎంత ధైర్యంగా ఉండేది!

నన్నడిగితే మీటింగ్ గల్లీలోనే పెట్టాలి, అదీ రాత్రి దుకాణాలు కట్టేశాక. గోడ మీద మ్యాప్ వద్దు, గీతని నేల మీదే సున్నంతో గీయండి. ఎవరి గుమ్మం పోతుందో చిన్నపిల్లాడు కూడా చెబుతాడు. అద్దెకున్నవాళ్ల పేర్లు ముందు రాయాలి, ఓనర్ల పేర్లు ఎలాగూ రికార్డుల్లో ఉన్నాయి. ఇలా చేస్తే సగం గొడవలు కోర్టు దాకా పోవని నా గట్టి నమ్మకం.

మీ వీధికి ఇలా భూసేకరణ ప్రాథమిక నోటిఫికేషన్ వస్తే, అది వెలువడిన రోజు నుంచి అభ్యంతరం చెప్పడానికి 60 రోజులుంటాయి. నోటితో చెప్పి ఊరుకోకండి, రాసివ్వండి, కాపీ మీద ముద్ర వేయించుకోండి. ఇల్లు మీది కాకపోయినా సరే. కరెంటు బిల్లు, రేషన్ కార్డు, పాత అద్దె రసీదులు, ఏవుంటే అవి జతచేయండి. మీటింగ్ అయ్యాక మినిట్స్ (అక్కడ ఎవరేమన్నారో రాసిన రికార్డు) కాపీ కోసం సమాచార హక్కు కింద అర్జీ పెట్టి, మీ పేరు, మీరన్న మాట అందులో ఉన్నాయో లేదో చూసుకోండి. లేకపోతే వెంటనే మళ్లీ రాసివ్వండి.