నిమ్మకాయల కంటైనర్‌ను ఎంత చల్లగా పెడితే అంత మంచిదా?

మంచి కాయలే ఎక్కించాం, దారంతా కంటైనర్ 4 డిగ్రీల్లోనే ఉంది, అయినా అటు దిగాక తొక్క మీద గుంటలు పడి గోధుమరంగు మచ్చలు ఎందుకొచ్చాయని అడిగారు. ఆ 4 డిగ్రీలే కొంప ముంచాయండి.

ప్యాకింగ్ షెడ్డులో కొన్నేళ్లు లోడింగ్ చూసుకున్నాను కాబట్టి చెప్తున్నా. ఆ చలిని నారింజ చాలావరకు తట్టుకుంటుంది గానీ నిమ్మ తట్టుకోదు. దానికి 10 డిగ్రీల దరిదాపుల్లో ఉండాలి. అంతకన్నా బాగా కిందికి దించి వారాల తరబడి ఉంచితే తొక్క దెబ్బతింటుంది. చిక్కేమిటంటే, చల్లగా ఉన్నంతసేపూ కాయ నిగనిగలాడుతూనే ఉంటుంది. బయటి వేడి తగిలాక మచ్చలు తేలతాయి. అప్పటికి సరుకు కొన్నవాడి గోడౌన్లో ఉంటుంది.

వేడి కాయను ఎక్కించినా రీఫరే, అంటే చలి మెషీన్ ఉన్న ఆ కంటైనరే, చల్లబరుస్తుందిలే అనుకోవద్దు. అది ఉన్న చల్లదనాన్ని నిలబెట్టడానికే. కాయను ముందే కోల్డ్ రూములో చల్లబరచాలి. తలుపు మూసేముందు నాలుగైదు పెట్టెల్లోంచి కాయలు తీసి, సూది థర్మామీటరు గుజ్జులోకి దింపి చూసేవాళ్లం. కంటైనర్లో చల్లగాలి నేల మీది గాడుల్లోంచి పైకి లేచి, కప్పు కింద నుంచి తిరిగి మెషీన్లోకి వెళ్తుంది. పెట్టెలు గోడ మీది ఎర్రగీత దాటకూడదనేది అందుకే. ‘ఇంకో వరస పడుతుంది సార్’ అంటారు లోడింగ్ వాళ్లు. పడుతుంది, గాలే తిరగదు.

కుళ్లు సంగతి వేరు. ఆకుపచ్చ బూజు తొక్క మీది గాయంలోంచే లోపలికి పోతుంది, కాబట్టి జాగ్రత్త తోటలోనే మొదలవ్వాలి. లాగి తెంపితే తొడిమ దగ్గర చిరుగుతుంది, కత్తెరతో కోయించండి. మంచు ఆరకముందు కోస్తే తొక్కలోని నూనె తిత్తులు పగిలి, ఆ నూనే తొక్కను కాలుస్తుంది. మైనం పూత ఈ గాయాల్ని మాన్పదు.

బూజు మందు ఏది వాడాలన్నది మాత్రం ఏ దేశానికి పంపుతున్నారో తేలాకే. కాయ మీద మిగిలే మందు అవశేషాల పరిమితి దేశానికొకటి. యూరప్‌కైతే కాడ, ఆకు ఉండకూడదు. గజ్జి తెగులు మచ్చ కనిపిస్తే సరుకు ఆగిపోతుంది, సరుకుకు చీడపీడలు లేవని ఇచ్చే ఫైటోశానిటరీ సర్టిఫికెట్ చేతిలో ఉన్నా సరే.

డబ్బు విషయానికొస్తే, ‘అమ్మాక లెక్క చూద్దాం’ అనే బేరమైతే నష్టమంతా మీ నెత్తినే. కనీసం పెట్టెల మధ్య టెంపరేచర్ రికార్డరు పెట్టి, లోడింగప్పటి గుజ్జు రీడింగుల ఫొటోలు దాచుకోండి. క్లెయిమ్ దగ్గర వాటితోనే మాట్లాడగలరు.